లేబుల్ ప్రింటర్ వేగం, లేబుల్ ఫార్మాట్ తయారీ: తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదాహరణల్లో ఎక్కువగా జీబ్రా ప్రింటర్ల భాష జెడ్‌పీఎల్ కనిపిస్తుంది. మిగతా కంపెనీల ప్రింటర్లు కూడా చాలావరకు దాన్ని అర్థం చేసుకుంటాయి కాబట్టి ఆ ఎంపిక. జెడ్‌పీఎల్ ఆదేశాలు క్యారెట్ గుర్తుతోనో టిల్డా గుర్తుతోనో మొదలవుతాయి. ఇక్కడ ఆ గుర్తులు వదిలేసి, ఆదేశాల అక్షరాలు మాత్రమే రాశాం.

ప్రింటర్ మీద సెకనుకు 6 అంగుళాలు అని రాసుంది. 6 అంగుళాల లేబుల్ సెకనుకొకటి రావాలి కదా? మూడు నాలుగు సెకన్లు ఎందుకు పడుతోంది?

ఆ అంకె కాగితం ప్రింట్‌హెడ్ (వేడితో చుక్కలు ముద్రించే భాగం) కింద కదులుతున్నప్పటి వేగం. అంతకు ముందు జరిగే పనికి గానీ, తర్వాత జరిగే పనికి గానీ దానితో సంబంధం లేదు. కంప్యూటర్ నుంచి డేటా రావాలి. వచ్చిన ఆదేశాలు చదివి ప్రింటర్ తన మెమరీలో లేబుల్ బొమ్మ గీసుకోవాలి. అప్పుడు ముద్రణ. తర్వాత లేబుల్‌ని చింపే అంచు దాకా ముందుకు నెట్టాలి, తర్వాతి లేబుల్ కోసం కాగితాన్ని మళ్లీ వెనక్కి లాగాలి. ముద్రణకు పట్టేది ఒక్క సెకనే అయినా మిగతావన్నీ కలిసి మూడు సెకన్లు తినేయొచ్చు. అలాంటి చోట వేగం సెట్టింగ్‌ని 6 నుంచి 8కి పెంచితే మిగిలేది పావు సెకను. అందుకే ముందు చూడాల్సింది వేగం మీట కాదు, సమయం ఎక్కడ పోతోందన్నది.

అది ఎలా కనిపెట్టాలి?

రెండు పరీక్షలు చాలు. మొదట, ఒకే లేబుల్‌ని 50 కాపీలు కొట్టమని ప్రింటర్‌కే చెప్పండి (జెడ్‌పీఎల్‌లో పీక్యూ ఆదేశం). తర్వాత మీ సాఫ్ట్‌వేర్ నుంచి రోజూ పంపినట్టే 50 వేర్వేరు లేబుళ్లు పంపండి. రెండింటికీ టైము చూడండి. మొదటిది ఆగకుండా పరుగెత్తి, రెండోది ఆగి ఆగి నడిస్తే తప్పు ప్రింటర్‌ది కాదు. డేటా ఆలస్యంగా వస్తోంది, లేదా ఫార్మాట్ బరువెక్కింది. మొదటిది కూడా లేబుల్ లేబుల్‌కీ ఆగుతుంటే కట్టర్ (కత్తిరించే భాగం), పీలర్ (లేబుల్‌ని వెనక కాగితం నుంచి ఒలిచే భాగం), బ్యాక్‌ఫీడ్ (కాగితాన్ని వెనక్కి లాగడం) వంటివి చూడాలి. ఆగకుండానే నెమ్మదిగా కదులుతుంటే అప్పుడు వేగం సెట్టింగ్ దగ్గరికి వెళ్లండి. ఇంకో సంగతి: ప్యానెల్‌లో మీరు 6 అని పెట్టినా, డ్రైవర్ ప్రతి లేబుల్‌తోనూ తన వేగాన్ని పంపి దాన్ని రద్దు చేస్తుండొచ్చు. జెడ్‌పీఎల్‌లో ఆ ఆదేశం పీఆర్. ప్యానెల్‌లో మార్చి ఫలితం లేక తల పట్టుకునేవాళ్లలో చాలామందికి కారణం ఇదే.

డేటా పరిమాణానికి అంత ప్రాముఖ్యం ఉందా? ఒక లేబుల్‌లో ఏముంటుంది, నాలుగు లైన్లు, ఒక బార్‌కోడ్!

నాలుగు లైన్లే, కానీ అవి ఏ రూపంలో వెళ్తున్నాయన్నదే లెక్క. ఒక లెక్క వేద్దాం. 203 డీపీఐ (అంగుళానికి 203 చుక్కలు) ప్రింటర్‌లో 4 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల పొడవు లేబుల్ అంటే 812 చుక్కలు ఒకవైపు, 1218 చుక్కలు మరోవైపు. ఒక్కో చుక్కకు ఒక బిట్ చొప్పున మొత్తం సుమారు 1,24,000 బైట్లు. కుదించకుండా హెక్స్ అక్షరాలుగా (ఒక్కో బైట్‌కి రెండు అక్షరాలు) పంపితే అది రెట్టింపై దాదాపు 2,48,000 బైట్లవుతుంది. 9600 బాడ్ (సెకనుకు 9600 బిట్లు) సీరియల్ తీగ మీద మొదలు, చివరి బిట్లతో కలిపి ఒక్కో బైట్‌కి పది బిట్లు పడతాయి కాబట్టి అది సెకనుకు 960 బైట్లు మోస్తుంది. అంటే ఒక్క లేబుల్‌కి నాలుగు నిమిషాలు దాటుతుంది. 115200 బాడ్ అయినా 20 సెకన్ల పైమాటే.

అదే లేబుల్‌ని "ఈ చోట ఈ ఫాంట్‌లో ఈ అక్షరాలు, ఆ చోట ఈ అంకెలతో కోడ్ 128 బార్‌కోడ్" అని ఆదేశాలుగా రాస్తే మొత్తం కొన్ని వందల బైట్లు. 9600 బాడ్ మీద కూడా సెకను లోపు వెళ్లిపోతుంది. యూఎస్‌బీ, ఈథర్‌నెట్ మీద బొమ్మ కూడా త్వరగానే చేరుతుంది కాబట్టి తేడా ఇంత దారుణంగా కనిపించదు. కానీ బ్లూటూత్ మీద నడిచే చిన్న ప్రింటర్లలో, బలహీనమైన వైఫై ఉన్న చోట, వందల లేబుళ్లు వరుసగా పంపినప్పుడు బాగానే తెలుస్తుంది. బొమ్మే పంపక తప్పదంటే కుదింపు వాడండి. జెడ్‌పీఎల్‌లో ఒకే అక్షరం పదేపదే వచ్చినప్పుడు దాన్ని లెక్కతో సూచించే పాత పద్ధతి ఉంది, జెడ్64 అనే మరింత గట్టి పద్ధతీ ఉంది. లేబుల్‌లో ఎక్కువ భాగం తెలుపే కాబట్టి రెండూ బాగా పనిచేస్తాయి.

నేను అక్షరాలే టైప్ చేశాను. బొమ్మగా ఎందుకు వెళ్తోంది?

కంప్యూటర్‌లోని ట్రూటైప్ ఫాంట్ ఎంచుకుని ఉంటారు. ఆ ఫాంట్ ప్రింటర్‌లో లేదు. అందుకని డ్రైవర్ దాన్ని చుక్కలుగా మార్చి పంపుతుంది. వర్డ్‌లోనో పీడీఎఫ్‌లోనో లేబుల్ తయారుచేసి కొడితే లేబుల్ మొత్తం, బార్‌కోడ్‌తో సహా, ఒకే బొమ్మైపోతుంది. అనుమానం తీరాలంటే డ్రైవర్‌లో ఫైల్‌కి ప్రింట్ చేసి, ఆ ఫైల్‌ని నోట్‌ప్యాడ్‌లో తెరవండి. మీరు టైప్ చేసిన పేరు చదవగలిగేలా కనిపిస్తే ఆదేశాలుగా వెళ్తున్నట్టు. పేజీల కొద్దీ అర్థంలేని అక్షరాలు కనిపిస్తే బొమ్మ. లేబుల్ డిజైన్ సాఫ్ట్‌వేర్లలో ప్రింటర్ ఫాంట్లు వేరుగా చూపిస్తారు. జీబ్రాలో ఫాంట్ సున్నా ఏ పరిమాణానికైనా సాగుతుంది. చూడ్డానికి సాదాగా ఉంటుంది, కానీ పెట్టె మీద అతికించే లేబుల్‌కి అందం కన్నా చదవగలగడం ముఖ్యం.

మారని భాగాన్ని ప్రతిసారీ పంపకుండా ఉండలేమా?

ఉండొచ్చు. పెళ్లి శుభలేఖల్లో పేరు రాసే ఖాళీ వదిలి మిగతాదంతా ముందే అచ్చు వేయించినట్టు, చట్రాన్ని ఒకసారి ప్రింటర్‌లో దాచి, తర్వాత మారే విలువలు మాత్రం పంపడం. జెడ్‌పీఎల్‌లో డీఎఫ్ ఆదేశంతో ఫార్మాట్ దాస్తారు, మారే చోట్ల ఎఫ్‌ఎన్ నంబర్లు ఇస్తారు. కొట్టేటప్పుడు ఎక్స్‌ఎఫ్‌తో ఆ ఫార్మాట్‌ని పిలిచి, నంబర్ల వారీగా విలువలు అందిస్తారు. అప్పుడు ఒక్కో లేబుల్‌కి తీగ మీద వెళ్లేది వంద, నూటయాభై బైట్లు.

ఎక్కడ దాస్తున్నారో చూసుకోండి. ఆర్ అనే చోటు ర్యామ్, కరెంటు పోతే ఖాళీ. ఈ అనేది ఫ్లాష్, నిలబడుతుంది. కానీ ఫ్లాష్‌కి ఇన్నిసార్లే రాయగలమన్న పరిమితి ఉంటుంది. ప్రతి లేబుల్‌కీ ముందు ఫార్మాట్‌ని ఫ్లాష్‌లోకి మళ్లీ మళ్లీ రాసే ప్రోగ్రాములు ఉంటాయి. అలా చేస్తే వేగం పెరగకపోగా ప్రింటర్ ఆయుష్షు తరుగుతుంది. ఒకసారి రాయండి, వందసార్లు పిలవండి.

ఈ పద్ధతిలో ఒక చిక్కు ఉంది. ప్రింటర్ మార్చినప్పుడు కొత్తదాంట్లో ఫార్మాట్ ఉండదు. ప్రింటర్లు పది దాటితే ఏ ప్రింటర్‌లో ఏ వెర్షన్ ఉందో చూసుకోవడం కూడా ఒక పనైపోతుంది. మీ లేబుల్ ఆదేశాల రూపంలో 600 బైట్లే అయి, ఈథర్‌నెట్ మీద నడుస్తుంటే, ఈ తలనొప్పి పెట్టుకోవద్దనే మా సలహా.

వరుస నంబర్లతో వెయ్యి లేబుళ్లు కావాలి. వెయ్యీ విడివిడిగా పంపాలా?

అక్కర్లేదు. ఎస్‌ఎన్ ఆదేశంతో మొదటి నంబర్, ఎంత చొప్పున పెరగాలి అన్నది చెప్పి, పీక్యూతో వెయ్యి అంటే ప్రింటర్ తనే లెక్కపెట్టుకుంటూ పోతుంది. ఇంతకన్నా వేగమైన దారి లేదు. అయితే మధ్యలో రిబ్బన్ (సిరా పూసిన పట్టీ) తెగినా, కరెంటు పోయినా ఎక్కడిదాకా వచ్చిందన్నది మీ డేటాబేస్‌కి తెలియదు. రెండు పెట్టెలకు ఒకే నంబర్ పడితే నష్టం జరిగే చోట నంబర్లు సాఫ్ట్‌వేర్ చేతిలోనే ఉంచండి. కాస్త నెమ్మదైనా ఫర్వాలేదు.

లోగో పెట్టాక ప్రింటర్ మందగించింది.

లోగోని ఒకసారి ప్రింటర్ మెమరీలోకి పంపి (డీజీ ఆదేశం), ప్రతి లేబుల్‌లో పేరుతో పిలవండి (ఎక్స్‌జీ). పంపే ముందే దాన్ని ప్రింటర్ చుక్కలకు సరిపడే కొలతలో, తెలుపు నలుపుల్లోకి మార్చుకోండి. థర్మల్ ప్రింటర్‌కి బూడిద రంగు తెలియదు. రంగుల లోగో ఇస్తే చుక్కలు చల్లి మాయ చేస్తుంది, అది మరకలా కనిపిస్తుంది. చుట్టూ ఉన్న తెల్ల ఖాళీని కూడా కత్తిరించండి.

ప్రతి లేబుల్ తర్వాత కాగితం వెనక్కి పోతోంది. ఇది లోపమా?

కాదు. చింపే అంచు ప్రింట్‌హెడ్‌కి కొంచెం ముందుంటుంది. లేబుల్ చేతికి అందాలంటే కాగితం అక్కడి దాకా రావాలి. అలా వచ్చినప్పుడు తర్వాతి లేబుల్ మొదలు హెడ్‌ని దాటిపోతుంది కాబట్టి వెనక్కి లాగక తప్పదు.

వరుసగా కొడుతున్నప్పుడు ప్రతిసారీ ఇలా జరగాల్సిన పని లేదు. టేర్‌ఆఫ్ (లేబుల్‌ని చేత్తో చింపుకునే) పద్ధతిలో తర్వాతి లేబుల్ సమాచారం అప్పటికే మెమరీలో సిద్ధంగా ఉంటే, చాలా ప్రింటర్లు ఆగకుండా ముందుకు సాగిపోతాయి. డేటా ఆలస్యమైతే ఆగుతాయి, ముందుకు నెడతాయి, వెనక్కి లాగుతాయి. బరువైన ఫార్మాట్ రెండు దెబ్బలు కొట్టేది ఇక్కడే: డేటా కోసం ఎదురుచూపు ఒకటి, ఆ ఎదురుచూపు తెచ్చిపెట్టే బ్యాక్‌ఫీడ్ ఒకటి.

పీల్ పద్ధతిలో మనిషి లేబుల్ తీసేదాకా ప్రింటర్ ఆగుతుంది. అక్కడ వేగం మనిషి చేతిది, ప్రింటర్‌ది కాదు. కట్టర్ ఉంటే ప్రతి లేబుల్‌కీ ముందుకూ వెనక్కీ తప్పదు. అవసరం లేని చోట ఐదింటికో పదింటికో ఒకసారి కత్తిరించేలా పెట్టుకోండి. చుట్ట చుట్టే రివైండ్ పద్ధతిలో ఈ గొడవే లేదు.

వేగం పెంచితే అక్షరాలు వెలిసిపోతున్నాయి. డార్క్‌నెస్ పెంచేస్తే సరిపోతుందా?

కొంతవరకు. ఎందుకు వెలిసిపోతాయో చూస్తే హద్దు ఎక్కడో తెలుస్తుంది. 203 డీపీఐ హెడ్ సెకనుకు 6 అంగుళాల వేగంతో నడిస్తే సెకనుకు 1218 చుక్కల వరుసలు ముద్రించాలి. ఒక్కో వరుసకు దొరికేది 0.82 మిల్లీసెకను. అందులోనే హెడ్‌లోని ఆ చుక్క వేడెక్కాలి, చల్లారాలి. 12 అంగుళాలకు పెంచితే 0.41 మిల్లీసెకను. 300 డీపీఐ హెడ్‌కి 6 అంగుళాల దగ్గరే 0.56 మిల్లీసెకను. ఒకే మోడల్‌లో 300 డీపీఐ రకానికి గరిష్ఠ వేగం సాధారణంగా తక్కువగా ఉండేది ఇందుకే.

డార్క్‌నెస్ పెంచితే హెడ్‌కి ఎక్కువ వేడి వెళ్తుంది. అయితే ఆ వేడి గీతకీ గీతకీ మధ్య చల్లారేలోపే తర్వాతి వరుస వచ్చేస్తే అంచులు చిమ్ముతాయి, గీతలు లావెక్కుతాయి. కంటికి బ్రహ్మాండంగా నల్లగా కనిపించే బార్‌కోడ్‌ని స్కానర్ చదవలేకపోవడం వింతేమీ కాదు. హెడ్ కూడా త్వరగా అరుగుతుంది.

వరుస ఇలా ఉంటే మేలు: ముందు కాగితానికి తగిన రిబ్బన్ ఎంచుకోండి. వ్యాక్స్ రిబ్బన్ తక్కువ వేడికే కరుగుతుంది, వేగాన్ని తట్టుకుంటుంది. రెజిన్‌కి ఎక్కువ వేడి, తక్కువ వేగం కావాలి. రసాయనాలు తగిలే ప్లాస్టిక్ లేబుల్ మీద రెజిన్ వాడుతూ 10 అంగుళాల వేగం కోరడం అత్యాశే. తర్వాత మీకు నిజంగా కావలసిన వేగం పెట్టండి. ఆ తర్వాత డార్క్‌నెస్‌ని కింది నుంచి ఒక్కో మెట్టు పెంచుతూ, బార్‌కోడ్ నిలకడగా చదవబడే మొదటి మెట్టు దగ్గర ఆపండి. బార్‌కోడ్ నాణ్యతను కొలిచే వెరిఫయర్ ఉంటే ఇంకా మంచిది. గీతల బార్‌కోడ్‌లకు ఐఎస్ఓ 15416, చదరపు కోడ్‌లకు ఐఎస్ఓ 15415 ప్రమాణాల ప్రకారం గ్రేడ్ ఇస్తుంది.

బార్‌కోడ్‌ని అడ్డంగా పెట్టాలా, నిలువుగా పెట్టాలా?

కుదిరితే గీతలు కాగితం కదిలే దిశలోనే సాగేలా పెట్టండి. కంచె కర్రలు నిలబెట్టినట్టు ఉంటుంది కాబట్టి దీన్ని పికెట్ ఫెన్స్ అంటారు. ఒక గీతను మొదటి నుంచి చివరిదాకా హెడ్‌లోని అవే చుక్కలు గీస్తాయి. వేడి మిగిలిపోయినా గీత పొడవునే సాగుతుంది తప్ప వెడల్పు మారదు. నిచ్చెన మెట్లలా అడ్డంగా పెడితే ప్రతి గీతకూ హెడ్ వేడెక్కి, ఖాళీకి చల్లారాలి. వేగం పెరిగేకొద్దీ గీత అంచు ఖాళీలోకి పాకుతుంది. నిచ్చెన తప్పదంటే ఆ లేబుల్‌కి వేగం తగ్గించండి. ప్రింటర్ మొత్తానికి కాదు, ఆ ఫార్మాట్‌లోనే పీఆర్ ఆదేశం రాస్తే చాలు.

బార్‌కోడ్‌ని ఖాళీకి సరిపోయేలా లాగి సాగదీయొచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క సమాధానమే గుర్తుంచుకుంటామంటే ఇది గుర్తుంచుకోండి. ప్రింటర్ అరచుక్క వేయలేదు. అతి సన్నని గీత వెడల్పు పూర్తి చుక్కల్లోనే ఉండాలి. 203 డీపీఐలో ఒక చుక్క 0.125 మిల్లీమీటర్లు. ఈఏఎన్-13కి (దుకాణాల్లో సరుకుల మీద కనిపించే 13 అంకెల బార్‌కోడ్) ఆ గీత ప్రామాణిక వెడల్పు 0.33 మిల్లీమీటర్లు. రెండు చుక్కలంటే 0.25, అనుమతించిన 80 శాతం కన్నా చిన్నది. మూడు చుక్కలంటే 0.375, అంటే సుమారు 114 శాతం. మధ్యలో మరోటి లేదు. బొమ్మగా తెచ్చి సరిగ్గా 100 శాతానికి సాగదీస్తే సాఫ్ట్‌వేర్ కొన్ని గీతలకు రెండు చుక్కలు, కొన్నింటికి మూడు పంచుతుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, స్కానర్‌కి అయోమయం. అదే 300 డీపీఐలో నాలుగు చుక్కలు 0.34 మిల్లీమీటర్లకు దగ్గరగా, దాదాపు సరిపోతుంది. కాబట్టి 203 మీద ఈఏఎన్ కొట్టాలంటే ముందే 114 శాతానికి చోటు ఉంచండి.

చోటే లేదు మరి. బార్‌కోడ్ చిన్నదవ్వాలంటే?

లోపల పెట్టే సమాచారం తగ్గించండి. అంకెలు మాత్రమే అయితే కోడ్ 128లో సీ సెట్ రెండేసి అంకెల్ని ఒక్కో గుర్తులో ఇముడుస్తుంది. ఒక్కో గుర్తు 11 మాడ్యూళ్లు (మాడ్యూల్ అంటే అతి సన్నని గీత వెడల్పు), చివరి గుర్తు మాత్రం 13. ఉదాహరణకు జీఎస్1 (బార్‌కోడ్ ప్రమాణాల సంస్థ) రవాణా లేబుల్ మీది ఎస్‌ఎస్‌సీసీ, అంటే సరుకు మూటను గుర్తించే నంబర్: ముందు వచ్చే రెండు సున్నాలతో కలిపి 20 అంకెలు. సీ సెట్‌లో మొదలు, ఎఫ్‌ఎన్‌సీ1 (జీఎస్1 కోడ్ అని తెలిపే గుర్తు), తనిఖీ, చివరి గుర్తులతో కలిపి 156 మాడ్యూళ్లు. 203 డీపీఐలో మాడ్యూల్‌కి నాలుగు చుక్కలు వేస్తే 78 మిల్లీమీటర్లు, రెండు పక్కలా ఖాళీతో 88. నాలుగంగుళాల లేబుల్‌లో హాయిగా ఇముడుతుంది. అవే అంకెల్ని బీ సెట్‌లో రాస్తే 130 మిల్లీమీటర్లు దాటి లేబుల్ బయటికి పోతుంది. ఇంకా చిన్నది కావాలంటే డేటా మ్యాట్రిక్స్ అనే చదరపు కోడ్‌కి వెళ్లండి, కాకపోతే స్కానర్ కెమెరా రకం అయ్యుండాలి.

పక్క ఖాళీలో ఏమీ రాయొద్దు. కోడ్ 128కి ఇరువైపులా 10 మాడ్యూళ్లు, క్యూఆర్‌కి నాలుగు వైపులా 4 మాడ్యూళ్లు తెల్లగా ఉండాలి. "అక్కడ ఖాళీగా ఉంది కదా" అని గీత గీసి, దాంతో చదవని బార్‌కోడ్‌లే మా దగ్గరికి ఎక్కువగా వస్తాయి.

నల్ల పట్టీ మీద తెల్ల అక్షరాలు బాగుంటాయి కదా?

బాగుంటాయి. పూర్తి వెడల్పు నల్ల పట్టీ అంటే హెడ్‌లోని చుక్కలన్నీ ఒకేసారి మండాలి. కొన్ని ప్రింటర్లలో అక్కడ అంచులు పలచబడతాయి, రిబ్బన్ ముడతలు పడొచ్చు. సన్నని పెట్టెగీతతో అదే పని అవుతుంది. అంచుల దగ్గర కూడా ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలేయండి. రోల్ కొంచెం పక్కకు జరిగినా అక్షరాలు తెగవు.

తెలుగు అక్షరాలు కొట్టడం ఎలా?

ప్రింటర్‌తో వచ్చే ఫాంట్లలో సాధారణంగా తెలుగు ఉండదు. తెలుగు ట్రూటైప్ ఫాంట్‌ని ప్రింటర్‌లోకి ఎక్కించి, సీఐ28 ఆదేశంతో యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాల రూపం) చదవమనొచ్చు. అంతటితో అయిపోదు. గుణింతాలు, వత్తులు కలిపి గీసే తెలివి ప్రింటర్‌కి ఉండాలి. లేకపోతే "రాష్ట్రం" అన్నది ముక్కలై, వత్తులు కింద చేరకుండా పొల్లులతో వరుసగా నిలబడుతుంది. కొత్త జీబ్రా ఫర్మ్‌వేర్‌లో పీఏ ఆదేశం అక్షరాల కలయికను అమలు చేయిస్తుంది. నమ్మే ముందు మీ ఫాంట్‌తో, మీ మాటలతో కొట్టి చూసుకోండి.

అంత శ్రమ అక్కర్లేదంటే మారని తెలుగు శీర్షికల్ని లోగోలాగే బొమ్మలుగా దాచండి. మారే పేరొక్కటే చిన్న బొమ్మగా పంపండి. మొత్తం లేబుల్‌ని మాత్రం బొమ్మ చేయొద్దు. బార్‌కోడ్, అంకెలు ఆదేశాలుగానే ఉండనివ్వండి. బొమ్మ తయారయ్యేటప్పుడు అక్షరాల అంచుల్ని మెత్తబరిచే సెట్టింగ్ ఆపేయాలి. లేకపోతే బూడిద అంచులు రంపపు పళ్లలా వస్తాయి. పరిమాణం విషయంలో పిసినారితనం పనికిరాదు. 203 డీపీఐలో 8 పాయింట్లంటే 22 చుక్కల ఎత్తు. పైన గుడి, కింద వత్తు, మధ్యలో అక్షరం అన్నీ ఆ 22 చుక్కల్లోనే సర్దుకోవాలి. ఇంగ్లీషు అక్షరాలు సర్దుకుంటాయి, మనవి సర్దుకోవు. 10 పాయింట్లకు తగ్గించకండి, తగ్గించాలంటే 300 డీపీఐ కొనండి.

నెట్‌వర్క్ ప్రింటర్‌లో మొదటి లేబుల్ మాత్రమే ఆలస్యం. ఎందుకు?

కనెక్షన్ తెరవడానికి కొంత సమయం పడుతుంది. మీ ప్రోగ్రామ్ ఒక్కో లేబుల్‌కి కొత్త కనెక్షన్ తెరిచి మూస్తుంటే ప్రతి లేబుల్ మొదటి లేబులే. ప్రింటర్ డేటా అందుకునే 9100 పోర్టుకి ఒకసారి కనెక్ట్ అయి, ఆ బ్యాచ్ అంతా అందులోనే పంపండి. విండోస్ డ్రైవర్ ద్వారా అయితే చివరి పేజీ చేరేదాకా ఆగమనే స్పూల్ సెట్టింగ్‌ని మార్చి, వెంటనే ముద్రణ మొదలుపెట్టమనండి.

లేబుల్ పొడవునా సన్నని తెల్ల గీత వస్తోంది.

హెడ్ మీద జిగురో దుమ్మో ఉంది, లేదా ఒక చుక్క కాలిపోయింది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, ప్రతి రిబ్బన్ మార్చినప్పుడూ తుడవడం అలవాటు చేసుకోండి. గీత అక్కడే ఉంటే హెడ్ మార్చాలి. అప్పటిదాకా బార్‌కోడ్‌ని నాలుగు చుక్కలు పక్కకు జరిపి, ఆ గీత తెల్ల ఖాళీలో పడేలా చూసుకోవచ్చు.

203 డీపీఐ నుంచి 300కి మారితే పాత ఫార్మాట్లు పనిచేస్తాయా?

పనిచేస్తాయి, కానీ లేబుల్ మూడింట రెండు వంతులకు కుంచించుకుపోయి ఒక మూలన కూర్చుంటుంది. ఫార్మాట్‌లోని స్థానాలన్నీ చుక్కల్లో ఉండటమే కారణం. స్థానాలు, అక్షరాల ఎత్తులు ఒకటిన్నర రెట్లు చేయాలి. బార్‌కోడ్ మాడ్యూల్‌ని మాత్రం అలా గుణించడం కుదరదు: 2 చుక్కలు 3 అవుతాయి గానీ, 3 చుక్కలు నాలుగున్నర కాలేవు. 4 వేయాలా 5 వేయాలా అన్నది ఒక్కో బార్‌కోడ్‌కీ చోటు చూసి, కొట్టి, స్కాన్ చేసి తేల్చుకోవాలి.